చూరులో గ్లాసు

అమ్మా, తప్పు నీదే.

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఈ ఎండల్లోనూ పెరట్లో మామిడిచెట్టు కింద నీ నవారు మంచం వేసుకుని హాయిగానే ఉన్నాం. పొద్దున్న ఏసురత్నం కొబ్బరికాయలు దింపాడు. నీ కోడలు మా అందరికీ స్టీలు గ్లాసుల్లో మజ్జిగ పోసి, అతనికి మాత్రం వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులో పోసింది.

“ఇదేం పద్ధతి?” అన్నాను.

ఏసురత్నమే నవ్వాడు. “ఇదే నయమండి బాబూ! అమ్మగారుండగా నా గ్లాసు నేనే కడిగి చూర్లో పెట్టేవోణ్ణండి, ఆయ్!”

రోత పుట్టింది. చూరు పోయి డాబా వచ్చింది గాని, నీ బుద్ధి ఇంట్లోనే ఉంది.

నా డిమాండ్లు ఇవి:

ప్లాస్టిక్ గ్లాసులు ఈ గడప తొక్కకూడదు.

ఏసురత్నం ఈ మంచం మీదే కూర్చోవాలి.

నీ వెండి గ్లాసులో మజ్జిగ తాగాలి.

ఆ గ్లాసు, ఇన్నేళ్లూ నోరు మూసుకున్న నేనే కడగాలి.