టాకీసు ముద్ర ఉన్న పోస్టర్

తమ్ముడూ,

రాగానే గోడమీది పాత సినిమా పోస్టర్ దింపి నీ మంచం కింద పెట్టెయ్. ఎవరొచ్చి అడిగినా అమ్మేశామని చెప్పు.

పొద్దున ఒక పెద్దాయన దాన్ని చూడ్డానికి వచ్చాడు. నీలాగే పోస్టర్లు పోగుచేసే పిచ్చి ఉన్నవాడనుకుని కూర్చోబెట్టాను. మన ఊళ్ళో అప్పట్లో కాలిపోయిన టాకీసులో గేటు దగ్గర టికెట్లు చింపేవాడట. పోస్టర్ మూలనున్న టాకీసు ముద్రని వేలితో తడిమి, "అగ్గి అంటుకున్న రోజు దీన్ని లోపల అద్దాల పెట్టెలో నేనే పెట్టానమ్మా. ఆట మధ్యలో తలుపులకి బయట గొళ్ళెం ఎవరు పెట్టారో ఇన్నేళ్ళయినా తేలలేదు. ఇది మీ ఇంటికెలా వచ్చింది?" అన్నాడు.

నాన్న ట్రంకుపెట్టెలో నీకు దొరికిందని చెప్పకుండా మంచినీళ్ళు తెస్తానని లోపలికి వెళ్ళాను. సాయంత్రం ఇంకో నలుగురితో వస్తానని వెళ్ళాడు. అందరూ ఆ రోజు ఇంట్లోవాళ్ళని పోగొట్టుకున్నవాళ్ళేనట.

నాన్నని అడిగితే గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను ప్లీడరు మామయ్య దగ్గరికి వెళ్తున్నా. నిన్నేమీ అనను గానీ, పెట్టె అడుగున ఎందుకు దాచాడో ఒక్క మాట అడిగి తగిలించాల్సింది రా. భోజనం మూతపెట్టి ఉంచాను, తిను.

అక్క

చెప్పులు వేసుకుంటుంటే నాన్న పిలిచాడు. "టికెట్ లేకుండా జనం దూరుతున్నారని, గొళ్ళెం పెట్టమని టాకీసు యజమానే నాకు చెప్పాడమ్మా" అన్నాడు. నేను వచ్చేదాకా నాన్నని ఒంటరిగా వదలకు.