పీకేసిన ద్రాక్షతోట

తమ్ముడూ గ్వెనోలే,

మేం క్షేమమే, మీ బావ మోకాలు తప్ప.

మా సైకిలు యాత్రలో నిన్న, వైన్‌కు పేరుపడ్డ బోర్డో దగ్గర గుట్టల్లో సైకిలు దిగి రోడ్డు మీదే కొయ్యబారిపోయాను. చుట్టూ తోటలన్నీ చిగురిస్తుంటే, ఒక్క తోటలో తీగలన్నీ వేళ్లతో సహా పీకి ఇంటెత్తు కుప్ప పోసి ఉన్నాయి. పక్కనే ఫిర్మాన్ అనే ముసలాయన మొద్దులు నరుకుతున్నాడు. ఎవరో కక్షకొద్దీ చేశారనుకుని, "పోలీసులకు చెప్పారా?" అన్నాను.

"ఏమని చెప్పను తల్లీ? పీకింది నేనే. మా వైన్ తాగేవాళ్లేరీ? సరే, వచ్చారుగా, తినిపోండి."

ఇక్కడ కత్తిరించిన ద్రాక్ష పుల్లల మీద మాంసం కాల్చుకోవడం మామూలే. ఆయన ఆ మొద్దుల మీదే కాల్చి నా పళ్లెంలో పెట్టాడు. "చల్లారనివ్వకు. మా తాత నాటిన తీగల సెగ ఇది" అన్నాడు. తినాలా వద్దా అనుకుంటూనే నోట్లో పెట్టుకున్నాను. అయినా అంత రుచి నేనెన్నడూ ఎరగను. సిగ్గులేకుండా ఇంకో ముక్క అడిగాను. మీ బావకూ నాకూ వైన్ పోసి, తన గ్లాసులో మాత్రం నీళ్లు పోసుకున్నాడు.

"పీకిన రోజు నుంచీ ఇంతే ఈయన" అంది వాళ్లావిడ. ఆయన వినబడనట్టు నిప్పు ఎగదోశాడు.

అమ్మ చెవి నొప్పి తగ్గిందా? నా కోళ్లను నక్క పాలు చెయ్యకు. పిల్లలకు ముద్దులు. అన్నట్టు, పెరట్లో ఆపిల్ చెట్లు కొట్టడానికి రంపం తెచ్చానన్నావు, ఎవరిది వాళ్లకిచ్చెయ్యి. ఆపిల్ కల్లు ఎవరూ తాగడం లేదంటావా, నేను తాగుతాను.

మీ అక్క,
ఆర్మెల్