రెండు వేళ్ళ ఎత్తు

చిరంజీవి రాఘవేంద్రకు మీ మామ దీవెనలు.

నా రాత కోడి గెలికినట్ల ఉంటాది. తప్పులుంటే నువ్వే సర్దుకొని చదువుకో. ఫోనులో నాకు మాట రాదు.

మీ అత్తను వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు నా పాత బండి మీదనే ధర్మవరం తీసకపోతాండా. ఇంటికాడ అరుగు మీంచి ఎక్కుతాది. ఆస్పత్రి ముందర అరుగు లేదు. పోయిన గురువారం ఎక్కలేకపోతే ఎవరో ఇద్దరు మగోళ్ళు చంకల్లో చేతులేసి ఎత్తి కూర్చోబెట్టినారు. ఇంటికొచ్చి, "నేనేమన్నా శెనక్కాయ మూటనా? ఇంక నేను రాను," అనింది. నిన్న సోమవారం రాలేదు. అప్పుడే కాళ్ళు ఉబ్బినాయి.

కొత్త రకం బండ్లకు చిన్న చక్రాలు ఉంటాయి కదా. అవి వేస్తే సీటు రెండు వేళ్ళ ఎత్తు దిగుతాది, కొలిచినాను. ఆమెకు అంత ఎత్తే అందకుండా ఉండాది. పెనుకొండ మెకానిక్కును అడిగితే, "ఏమప్పా, ఈ వయసులో బండికి సోకులా?" అని నవ్వినాడు. అంతమంది ముందర సంగతి చెప్పలేక వచ్చేసినాను.

హిందూపురంలో నీ బండ్ల షాపు కాడ అట్లాంటి చిన్న చక్రాలు, వాడినవైనా సరే, ఉంటే, ఇరుసు, బ్రేకు నా బండికి కుదుర్తాయేమో చూడు. బండి ఎత్తు తగ్గితే స్టాండు కొంచెం కోయాల్సి వస్తాదేమో. మీ అత్తతో మాత్రం నా బండి చక్రాలు వంగిపోయినాయని చెప్పు. తన కోసమే మార్చినామని తెలిస్తే బండి ఎక్కదు.

ఎల్లుండి గురువారం కూడా పోకపోతే ఏమైతాదో డాక్టరు చెప్పినాడు. అది నేను రాయలేను. ఈ ఉత్తరం తెచ్చిన బస్సు కండక్టరు చేతికే, ఈ పొద్దే జాబు రాసియ్యి నాయనా.

మీ మామ