దసరా పూజ తర్వాత మసకబారిన తెర

అల్లూరు,
ఆదివారం మధ్యాహ్నం.

అక్కకూ బావగారికీ సుజాత నమస్కారాలు.

నేను ఇక్కడ బాగానే ఉన్నాను. అక్కడ నువ్వూ, బావా, మీ అత్తగారూ, మన లాస్యా అందరూ చల్లగా ఉంటే నాకింకేం కావాలి. బావ మోకాలి నొప్పి తగ్గిందా? అత్తగారు కంటి మందు వేసుకుంటున్నారా, లేక సీసాను దేవుడి గూట్లో పెట్టి దణ్ణం పెట్టుకుంటున్నారా? లాస్యకు జలుబు పూర్తిగా పోయినట్టేనా?

పొద్దున్నే కదా మాట్లాడుకున్నాం, మళ్ళీ ఈ ఉత్తరం ఎందుకని నువ్వు అనుకుంటావు. బావ ఫోను ఎత్తితే స్పీకరు పెట్టకుండా ఉండడు. నేను దగ్గినా మీ వీధి చివరి వరకూ వినపడుతుంది. నీ ఒక్కదానితోనే చెప్పాల్సిన మాట ఒకటుంది. అందుకే రాస్తున్నాను. ముందు నువ్వొక్కదానివే చదువుకో. బావకు వినిపించాల్సింది తర్వాత వినిపిద్దువు.

ఇక్కడ ముసురు పట్టింది. సముద్రంలో వాయుగుండమట, ఎవరి నోట విన్నా అదే మాట. ఉతికిన బట్ట ఆరదు, ఆరినా చేతికి జిగటగానే తగులుతుంది. నా పెట్టె తాళం ఉప్పుగాలికి తుప్పు పట్టి తెరుచుకోక, మొన్న దానికి కొబ్బరినూనె పోసి బతిమాలుకున్నాను. వానలు పడితే గుంటల్లో నీళ్ళు మారిపోతాయని రొయ్యల రైతులకు భయం. తెల్లారేసరికి సీసాల్లో నీళ్ళు పట్టుకొచ్చి మా ల్యాబు మెట్ల మీద కూర్చుని ఉంటారు. ఆ నీళ్ళలో ఉప్పెంత, అమ్మోనియా ఎంత అని చూసి, లాప్‌టాప్‌లో ఎక్కించి, వాళ్ళ చేతికి కాగితం ఇవ్వడం నా పని. నిన్న ఒక పెద్దాయన సీసా నా బల్ల మీద పెట్టి, "మా రొయ్యలు మేత ముట్టకుండా ఉండాయి మేడం, నువ్వే ఏందో చూడాల" అన్నాడు. నేను వాటికి బుద్ధులు చెప్పి అన్నం తినిపిస్తానన్నట్టు. పని మాత్రం నాకు నచ్చింది అక్కా, ఆ దిగులు పెట్టుకోకు.

తిండికీ లోటు లేదు. మా ఇంటావిడ రమణమ్మత్త వారానికోసారైనా చేపల పులుసు తెచ్చిపెడుతుంది. నా గిన్నెలు మూత తీసి చూసి, "ఏందమ్మే, మళ్ళా మజ్జిగేనా? ఇట్టా తింటే ఈ గాలికి కొట్టుకపోతావు" అని తిడుతుంది. ఆవిడ తిట్టిన రోజు రెండు ముద్దలు ఎక్కువే తింటాను. మిగతా రోజుల సంగతి ఏం చెప్పను. ఒక్కదానికి వండుకోవడమంత పాడు పని ఇంకోటి లేదు. గుప్పెడు బియ్యం పొయ్యి మీద పెట్టి, అవి ఉడికేదాకా ఎదురుగా కూర్చుంటాను. ఒక్కోసారి కూర నోట్లో వేసుకుని ఉప్పు సరిపోయిందా అని పైకే అడుగుతాను. నవ్వకు. నాకు చాలా ఒంటరిగా ఉంది. ఫోనులో బాగున్నా బాగున్నా అని అంటూ ఉంటానే, అది నీకు చెప్పడం కంటే నాకు నేను చెప్పుకోవడమే ఎక్కువ.

ఇక ఆ లాప్‌టాప్ సంగతి చెప్పాలి. నా పెద్ద ఫోను గుంట గట్టు మీద చేతిలోంచి జారి నీళ్ళలో మునిగిపోయాక, నాకు మిగిలింది ఈ బటన్ల ఫోనే కదా. అందులో గొంతు వినపడుతుంది గాని మనిషి కనపడదు. అందుకని ల్యాబు సారును అడిగి శనివారం లాప్‌టాప్ గదికి తెచ్చుకుంటాను, ఆదివారం పొద్దున మీకు వీడియో చేస్తాను. వారమంతా ఆ కాసేపటి కోసమే గడుపుతాను. లాస్య వాళ్ళ నాన్న పోయాక, "పాప నా దగ్గర ఉంటుంది, నువ్వు ధైర్యంగా ఉద్యోగంలో చేరు" అని నువ్వు అన్నావు కాబట్టే ఈ ఊరు రాగలిగాను. నేను ల్యాబుకు పోతే ఈ గదిలో దాన్ని కనిపెట్టుకుని ఉండేవాళ్ళు లేరు. ఇదంతా తెలిసే వదిలి వచ్చాను. తెలిసినంత మాత్రాన బెంగ ఊరుకోదు కదా.

దసరా వెళ్ళినప్పటి నుంచి ఆ తెర మసకబారింది. కంగారు పడతారని మీకు చెప్పలేదు. దీపం వత్తి తగ్గించినట్టు, బొమ్మ ఉంటుంది కాని చీకట్లో ఉంటుంది. వెలుగు పెంచే మీట నొక్కితే ఒక్క క్షణం కళకళలాడి, మళ్ళీ దానంతటదే మెల్లగా దిగిపోయేది. ఛార్జరు పెట్టి చూశాను, తీసి చూశాను. బ్యాటరీ ఆదా చేసే మీట ఒకటుంటే దాన్ని ఆపేశాను. ఆఫ్ చేసి, కాసేపు ఊపిరి పీల్చుకోనిచ్చి, మళ్ళీ ఆన్ చేశాను. ల్యాబులో ఉన్న పెద్ద తెరకు వైరు తగిలించి చూస్తే అందులో బొమ్మ బ్రహ్మాండంగా వచ్చింది. అంటే లోపలి యంత్రం బాగానే ఉంది, జబ్బంతా దాని సొంత తెరకే అని అనుకున్నాను. ఆ పెద్ద తెరను ఎత్తుకుని గదికి రాలేను. సారుకు చెబితే, "ల్యాబు పనికి పెద్దది ఉండాది కదమ్మా, మెల్లగా చూద్దాంలే" అన్నాడు. ఆయనదీ తప్పు కాదు, ఆయనకు కనపడాల్సినవి అంకెలే.

నాకు కనపడాల్సింది నా బిడ్డ. అది కనపడాలంటే తెరకు ముక్కు ఆనించి, కళ్ళు చికిలించి చూడాల్సి వచ్చేది. నా అవస్థ ఏదో నేను పడుతున్నాననుకున్నాను గాని, అటువైపు దానికి ఏం కనపడుతోందో ఆలోచించలేదు. వాళ్ళమ్మ మొహం తెర నిండా వచ్చి, నుదురు ముడేసుకుని, కళ్ళు చిన్నవి చేసి చూస్తోంది. ఒక ఆదివారం అది నీ కొంగు చాటుకు పోయి, "అమ్మకు నా మీద కోపం వచ్చింది" అంది. నాకు వినపడదనుకుంది. ఆ తర్వాతి ఆదివారం టీవీలో బొమ్మలు చూస్తానని రాలేదు. ఆ పై వారం నిద్రపోతోందని నువ్వు చెప్పావు. నీ వెనకాల దాని గొంతు నాకు వినపడుతూనే ఉంది అక్కా. అయినా సరే, పడుకోనీలే అన్నాను. ఆ రోజు మూత మూసి చాలాసేపు ఏడ్చాను. వచ్చే ఏటికి ఇది నన్ను గుర్తుపడుతుందా అన్న భయం అప్పుడే పట్టుకుంది.

ఇక లాభం లేదని బజారులో లాప్‌టాపులు బాగుచేసే అతని దగ్గరికి తీసుకుపోయాను. అతను టార్చి వేసి చూశాడు, బోర్లించి చూశాడు, మెత్తటి గుడ్డతో తెరంతా తుడిచాడు. తుడుస్తూ తుడుస్తూ పై అంచు దగ్గరికి వచ్చేసరికి, అక్కడున్న పూజ బొట్టును చూసి చెయ్యి పక్కకు తప్పించి, దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి వదిలేశాడు. ఆ బొట్టు నేను పెట్టిందే. ఆయుధ పూజ రోజు ల్యాబులో మైక్రోస్కోపుకు, ఫ్రిజ్జుకు, మోటారుకు, అన్నిటికీ గంధం కుంకుమ పెడుతూ లాప్‌టాప్‌కూ పెట్టాను. మనకు నుదురు ఎక్కడో దానికీ అక్కడే కదా అని తెర పై అంచు నడుమ, కెమెరాను తప్పించి దాని పక్కనే, దిట్టంగా, చూడముచ్చటగా పెట్టాను. పూజ బొట్టును మనం తుడవం, అది పోయినప్పుడు పోతుంది. అతను అన్నీ చూసి, "డిస్ప్లే పోయినట్టుండాది మేడం, కొత్తది తెప్పించాల" అన్నాడు. అతని బల్ల మీది స్క్రూడ్రైవర్లకూ బొట్లు ఉన్నాయి, అది వేరే సంగతి.

ఈ రోజు పొద్దున మీకు చేద్దామని కిటికీ దగ్గర కూర్చుని మూత ఎత్తాను. గంధం ఎండి నెర్రెలిచ్చి ఉంది. నా గాజు తగిలి ఒక పెచ్చు ఊడి పడింది. అంతే, తెర దానంతటదే వెలిగింది. పూజ బొట్టు ఊడగొట్టానే అని ఒక భయం, ఈ వెలుగేమిటని ఇంకో భయం. బొట్టు ఊడిన చోట, కెమెరా పక్కనే, ఆవగింజంత నల్లటి చుక్క ఉంది. దాని మీద వేలు పెడితే తెర మసకబారింది. వేలు తీస్తే వెలిగింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ తీశాను. అప్పుడు అర్థమైంది. గదిలో వెలుతురు ఎంతుందో చూసుకుని, దాన్నిబట్టి తెర వెలుగును పెంచుకోవడానికి, తగ్గించుకోవడానికి ఉన్న కన్ను అది. నేను దాని కంట్లో గంధం మెత్తాను. పాపం, చీకటి పడిందనుకుని అది దసరా నుంచీ వెలుగు తగ్గించుకుని కూర్చుంది.

నేను ఒక్కదాన్నే నవ్వుతుంటే రమణమ్మత్త లోపలికి వచ్చింది. విషయం విని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "దేవుడి పటానికైనా కండ్లు వదిలే కదమ్మే బొట్టు పెడతాం! మిగిలింది కూడా తుడిచెయ్. బిడ్డను చూసుకునే దానికి తుడిస్తే ఆ తల్లేం అనుకోదులే" అంది. చెంపలు వేసుకుని తడిగుడ్డతో తుడిచాను. మూత వెనక పక్క కొత్త బొట్టు పెట్టాను. అక్కడ కన్నులు లేవని ముందే చూసుకున్నానులే.

ఆ తర్వాతే మీకు చేశాను. నేను ఈ రోజు అంత సంతోషంగా ఎందుకున్నానో ఇప్పుడు తెలిసిందా? మీ ఇల్లంతా కనపడింది. గోడకు వేసిన కొత్త సున్నం, కిటికీలో బావ మందుల సీసాలు, అన్నీ. లాస్య ముందు పన్ను ఊడిందని నాకు ఈ రోజే తెలిసింది అక్కా. అది తలుపు దగ్గర నుంచే చూసి, "అమ్మా, నీకు కోపం పోయిందా?" అని అడిగింది. నాకు కోపం ఎప్పుడూ రాలేదు, కంట్లో బొట్టు పడింది అంటే, ఏం అర్థమైందో గాని పకపకా నవ్వి వచ్చి ఎదురుగా కూర్చుంది. పన్ను ఊడిన సందులోంచి నాలుక బయటపెట్టి చూపించింది. నాకు ఆ కాసేపు ఇంకేం అక్కర్లేదనిపించింది.

అప్పుడే దాని జడ రిబ్బను ఊడింది. "అమ్మా, రిబ్బను" అంది. నేను ఇక్కడి నుంచి, ఆఁ చెప్పు నాన్నా అన్నాను. నువ్వు వంటింట్లోంచి, ఆఁ వస్తున్నా అన్నావు. ఇద్దరం ఒక్కసారే పలికాం. అది తల తిప్పి చూసింది నీ వైపు.

పొయ్యి దగ్గర్నుంచి నువ్వు వస్తుంటే నీ మొహం చూశాను. ఈ వారాలన్నీ మసకలో నాకు కనపడనిది ఈ రోజు కనపడింది. ఆ పిలుపుకు పలికినప్పుడు నీ మొహం ఎలా వెలిగిపోయిందో నీకు తెలియదు. నీ పెళ్ళి రోజున కూడా నిన్ను అలా చూడలేదు. అంతలోనే నీకు నేను చూస్తున్నానని గుర్తొచ్చింది. ఆ వెలుగు పోయింది. దాని భుజం పట్టుకుని ఊపి, "ఎన్నిసార్లు చెప్పాలే నీకు? నేను పెద్దమ్మను. అమ్మ అదిగో, ఆడుండాది" అని నన్ను చూపించావు. అది తానేం తప్పు చేసిందో తెలియక ఒకసారి నిన్ను, ఒకసారి నన్ను చూసి పెదవి విరిచింది. ఛార్జింగ్ అయిపోతోందని నేను మూసేశాను. ఛార్జింగ్ నిండుగా ఉంది.

దాచకుండా చెబుతున్నాను, నాకు కడుపులో మండింది. "ఎన్నిసార్లు చెప్పాలే" అన్నావు కాబట్టి, అది నిన్ను అమ్మా అనడం ఈ రోజు మొదలైంది కాదు. అన్నం వండలేదు. మంచం మీద పడుకుని, ఈ బస్సుకే బయల్దేరి దాన్ని తెచ్చేసుకుందామా అనుకున్నాను. తర్వాత నీ మొహం గుర్తొచ్చింది. పెళ్ళైనప్పటి నుంచీ ఆ పిలుపు కోసం నువ్వు ఎన్ని మొక్కులు మొక్కావో నాకు తెలియదా? మనం ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. తీరా అది నీ ఇంట్లో వినపడితే, నా కోసం దాన్ని కసురుతున్నావు.

ఎండాకాలం సెలవులకు వేరే ఇల్లు చూసుకుని దాన్ని తెచ్చుకుంటానన్న మాట మాటే. అందులో మార్పు లేదు, నువ్వూ అడ్డు చెప్పకు. ఈలోగా ఎవరన్నా ఇటు వస్తే ఉసిరికాయ ఊరగాయ పంపు. లాస్య గాజు ఒకటి కొలతకు పెట్టు, ఇక్కడ మంచివి దొరుకుతున్నాయి. అత్తగారికి నా నమస్కారాలు చెప్పు. నువ్వూ బావా నన్ను దీవించండి. లాస్యకు నా ముద్దులు.

ఇక నేను రాయాలనుకున్న మాట ఇదీ. దాన్ని ఇంకెప్పుడూ కసరకు. అమ్మా అని పిలవనీ. ఎవర్ని పిలిచావే అని దాన్ని అడగొద్దు, మనం కూడా తేల్చుకోవద్దు. నువ్వు వంటింట్లోంచి పలుకు. నేను ఇక్కడి నుంచి పలుకుతాను.

నీ చెల్లెలు,
సుజాత