పట్టుచీరల్లో పరీక్షకు

పెబ్బేరు,
5 ఫిబ్రవరి 2008.

గౌరవనీయురాలైన అలివేలక్కకు, చెల్లెలు స్వరూప రెండు చేతులా నమస్కరించి రాస్తున్నది. నాది ఐదో తరగతి చదువు. తప్పులున్నా, అక్షరాలు వంకర పోయినా కోప్పడకు. ఇక్కడ మీ మరిది, పిల్లలు, అత్తమ్మ, నేను బాగున్నాం. నువ్వు బాగున్నావని మాత్రం అనుకోలేను. నెల కాకున్నా నెత్తురు పడుతోందని చెప్పి, దవాఖానకు పోదామంటే రానన్నావు. అందుకే రాస్తున్నాను.

మొన్న నర్సు రహీమున్నీసా గారు వ్యానులో వచ్చారు. ఆడవాళ్లకు క్యాన్సర్ పరీక్ష, ఫోటో తీసి హైదరాబాద్ డాక్టరమ్మకు పంపుతారు అని చాటింపు వేశారు. ఫోటో అనగానే మా వాడకట్టు ఆడవాళ్లమంతా పట్టుచీరలు కట్టి, పౌడర్ రాసుకుని పోయాం. ఆమె నవ్వు ఆపుకుని, "అమ్మా, ఫోటో మొఖానికి కాదు, గర్భసంచి మూతికి" అన్నది. సగం మంది వెనక్కి తిరిగారు. మా అత్తమ్మ, "థూ, గదేం ఫోటోనే, ఎవరింట్ల గోడకు తగిలిస్తరు?" అన్నది. "తగిలియ్యం పెద్దమ్మా. చూసేది ఒక్క డాక్టరమ్మనే. ఆమెకు నీ పేరు గూడ తెల్వదు, నంబరే తెలుస్తది" అని నర్సు చెప్పింది.

వెనిగర్ అంటారే, ఆ సిర్కాలో ముంచిన దూది అద్దితే, చెడిపోయే చోట తెల్ల మచ్చ తేలుతుందట. పెద్ద డాక్టర్లు ఏళ్ల తరబడి పల్లెల్లో పరిశోధన చేసి తేల్చిన సంగతట. ఫోటో కంప్యూటర్‌లో పోయింది, మేం చాయ్ తాగేలోపే జవాబు వచ్చింది. అంత పెద్ద చదువు మన వాకిటికి వచ్చిందంటే నాకెంతో ముచ్చటేసింది. నేను సిగ్గుతో కళ్లు మూసుకుంటే, రహీమున్నీసా గారు సంతలో ఎద్దుల ధర అడుగుతూనే పని ముగించారు. నాకేం లేదన్నారు.

మాలో ఒకామెకు మచ్చ కనిపించింది. ఇంకా క్యాన్సర్ కాదు, వదిలేస్తే కావచ్చు అన్నారు. మంచుకన్నా చల్లని గొట్టం ఆనించి ఆ పూటే ఆ మచ్చను చంపేశారు. కోత లేదు, ఆమె నడిచే ఇంటికి వచ్చింది.

వచ్చే వారం శుక్రవారం వ్యాను మీ అయిజకు వస్తుంది. నువ్వు పోవాలి అక్కా. నీకు నెత్తురు పడుతోంది కాబట్టి పెద్ద దవాఖానకు పంపవచ్చు. పంపితే పోదాం, నేనూ వస్తాను.

నీ చెల్లెలు,
స్వరూప

మరో మాట: ఆ ఒకామె మా అత్తమ్మే. "ఎవరికన్న చెప్తివా, నాల్క కోస్త" అన్నది. కానీ నీ సంగతి చెప్పగానే, "మీ అక్కకు రాయవే, నా పేరు మాత్రం రాయకు. శుక్రవారం నేనే అయిజకు పోత, ఆమె చెయ్యి పట్టుకొని కూసుంట" అన్నది. పొద్దున బస్సుకు వస్తుంది. ఆమె మీ గడప తొక్కకముందే ఈ ఉత్తరం పొయ్యిలో పెట్టు.