బావి ఇంజనుకు సైలెన్సర్

12-3-1962

బయ్యన్నగారికి, బడి పంతులమ్మ నమస్కారం.

మీ బావి మీది ఆయిల్ ఇంజనుకున్న సైలెన్సర్‌ను మీరే ఊడదీయించారు. ఆ మోతకు పక్క బడిలో నా పాఠం నాకే వినపడడం లేదు. తిరిగి బిగించమని మొన్న అడిగితే నలుగురిలో మీరన్న మాట ఇది: “ఏమే, మా సేన్లో కలుపు తీసే రామక్క కూతురివి, నాకు బుద్ధి చెప్తాండావా? ఈ మోత పదూర్లకు ఇనపడితేనే మా బావిలో నీళ్లుండాయని నా కొడుక్కు పిల్లనిస్తారు!”

అవును, రామక్క కూతుర్నే. మా ఇంట్లో చదివింది నేనొక్కతినే. అక్షరం రాని మా అమ్మ కూడా ఎండిన బావి మీద ఇంజను తిప్పదు. నిన్న నిలబడి చూశాను. అరగంట మోతలో మీ గొట్టం నుంచి చుక్క రాలేదు.

శుక్రవారం ఇన్‌స్పెక్టరు వస్తారు. ఆయన అడిగేది పిల్లలకు వినపడకపోతే, చదువు రావడం లేదని బడి ఎత్తేస్తారు. గురువారంలోగా సైలెన్సర్ బిగించండి. లేదంటే ఆయనతోపాటు ముప్పైమంది పిల్లలనూ నీళ్లు తాగడానికి మీ బావి దగ్గరకే తీసుకొస్తాను. ఆ గొట్టం కింద దోసిళ్లు పట్టి వరుసగా నిలబడతారు. మీ మోత విని సంబంధానికి వచ్చినవాళ్లు కూడా చూడవచ్చు.

ఇట్లు,
బడి పంతులమ్మ