పాముకు పెట్టిన ఎలుక

అల్మాటీ

తమ్ముడు జాందోస్‌కు,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి రాస్తున్నాను.

కరగండా ఊళ్లో పెళ్లికి వెళ్తూ నీకు అప్పగించిన పని ఒక్కటే. ఫ్రీజర్‌లోని చచ్చిన చిట్టెలుకను గోరువెచ్చని నీళ్లలో కరగనిచ్చి, పట్టకారుతో నా కూతురు అక్‌బోతా పెంచుకునే కొండచిలువ పిల్లకు అందించమన్నాను. అది నీ మగతనానికి చాల్లేదు. స్నేహితుల్ని పిలిచి, బతికున్న పెద్ద ఎలుకను గాజుపెట్టెలో వదిలావు. "మంచుగడ్డ శవాలు తినేది పామేనట్రా? వేటాడాలి! మన తాతలు డేగలతో వేటాడినోళ్లు!" అన్న నీ అరుపులు నువ్వు తీసిన వీడియోలోనే విన్నాను. మన తాత బస్సు నడిపాడు నాయనా.

పాము భయపడి ముడుచుకుపోయింది. మీకు విసుగొచ్చి, ఎలుకను అందులోనే వదిలేసి తాగడానికి పోయారు. మేము వచ్చేసరికి అది పాము వీపును ఎముక కనిపించేదాకా కొరికేసింది. డాక్టరు కుట్లు వేసి బతికించాడు. ఆ తర్వాత చచ్చిన చిట్టెలుకను చూపించినా మూలకు జారుకునేది. అక్‌బోతా రోజూ పట్టకారు పట్టుకుని దాని ముందే కూర్చునేది. నిన్న మొదటిసారి పాము తిన్నది.

"పామే కదా, ఇంకోటి కొనిస్తాలే" అని మెసేజ్ పెట్టావు. నీ దయ నీ దగ్గరే ఉంచుకో.

ఎలుకను అక్‌బోతా చంపనివ్వలేదు, పంజరంలో పెంచుతోంది. దానికి నీ పేరు పెడదామన్నాను.

"వద్దమ్మా! పాపం, అది ఆకలేసి కొరికింది. దానికి మామయ్య పేరెందుకు?" అంది.

నీ అక్క